తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి బేస్‌బాల్ లీగ్‌లో చేర్చే ముందు

మీరు అడిగింది ఇదీ: డాలస్ శివార్లలో ఉంటున్నారు, బాబుకి తొమ్మిదేళ్ళు నిండాయి. ఇంటి వెనక వాళ్ళ నాన్నతో క్రికెట్ ఆడుతూ పెరిగినవాడు ఇప్పుడు క్లాసు పిల్లలతో పాటు లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ నడిపే సంస్థ) బేస్‌బాల్‌లో చేరతానని పట్టుబట్టాడు. ఆ గట్టి బంతి మొహానికి తగిలితే ఏం గతి అని మీ భయం. పోయిన వారం పార్కులో ఇద్దరు తండ్రులు అంపైర్ మీద నోరు పారేసుకోవడం చూసి, ఆ గోలలోకి పిల్లాణ్ణి పంపాలా అని మీ ఆయన సందేహం. చివర్లో ఏ గ్లవ్ కొనాలని కూడా అడిగారు.

న్యూజెర్సీలో పదకొండేళ్ళుగా నా శనివారాలన్నీ ఈ మైదానాల్లోనే గడుస్తున్నాయి. మా పిల్లలిద్దరూ ఆడి మానేశారు, నేను మాత్రం మానలేకపోయాను. మొదట కోచ్‌కి సాయం, తర్వాత కోచ్, మధ్యలో మూడేళ్ళు లీగ్ సేఫ్టీ ఆఫీసర్, ఇప్పుడు అంపైర్. నా సమాధానం: చేర్చండి. అయితే డబ్బు కట్టే ముందు ఒక శనివారం ఆ లీగ్ ఆటకి వెళ్ళి కూర్చోండి. కళ్ళు పిల్లల మీద కాదు, పెద్దవాళ్ళ మీద పెట్టండి. మీరిద్దరూ అడిగినవి రెండు వేరువేరు ప్రశ్నలు అనుకుంటున్నారు గానీ, నా లెక్కలో అవి ఒకటే. అంపైర్ మీద అరిచే కోచే అలిసిపోయిన పిల్లాడి చేత ఇంకో ఇరవై బంతులు వేయిస్తాడు. ఇది నేను ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను.

ముందు బంతి సంగతి. బేస్‌బాల్ బరువు 142 నుంచి 149 గ్రాములు. పెద్దవాళ్ళు ఆడే క్రికెట్ బంతి 156 నుంచి 163. అంటే మీ ఆయన కుర్రతనంలో ప్యాడ్లు కట్టుకుని ఎదుర్కొన్న బంతి కంటే ఇది కాస్త తేలికే. తగిలితే నొప్పి పుట్టదని కాదు, పుడుతుంది. మరీ చిన్నపిల్లల టీ-బాల్‌లో (కర్ర మీద పెట్టిన బంతిని కొట్టే ఆట) లోపల మెత్తగా ఉండే బంతి వాడతారు. మీ బాబు వయసుకి చాలా లీగుల్లో మామూలు బంతే.

ఇక్కడ క్రికెట్ ఇళ్ళ పిల్లలకి మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. అమెరికన్ కోచ్‌కి ఇది తట్టదు కాబట్టి మీరే చూసుకోవాలి. మనం పిల్లలకి మొదట నేర్పేదేమిటి? "బంతి లైన్లోకి రా, భయపడకు, ఒళ్ళు అడ్డం పెట్టు." బేస్‌బాల్‌లో సరిగ్గా అదే చెయ్యకూడదు. పిచర్, అంటే బంతి వేసేవాడి చేతిలోంచి జారిన బంతి నేల తాకకుండా నేరుగా ఒంటి మీదకి వస్తుంది. లైన్లోకి వెళ్ళినవాడికి ఛాతీ మీదో మొహం మీదో తగులుతుంది. ఇక్కడ నేర్చుకోవాల్సింది తిరగడం: ముందు భుజాన్ని వెనక్కి, క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునేవాడు) వైపుకి తిప్పి, గడ్డం ఛాతీకి ఆనించి, వీపు పిచర్‌కి చూపించాలి. దెబ్బ వీపు కండ మీద పడితే రెండు రోజుల మంట, అంతే. మా పెద్దాడికి ఇది అలవాటు కావడానికి నెల పట్టింది. గరాజ్‌లో టెన్నిస్ బంతులు విసిరి విసిరి, ప్రతిసారీ "తిరుగు" అని అరుస్తూ నేర్పాను. మా ఆవిడ పైనుంచి "వాణ్ణి కొడుతున్నారా ఏమిటి" అని పరిగెత్తుకొచ్చింది. సీజన్ మొదలయ్యే లోపు మీ ఆయన్ని ఈ పని చెయ్యమనండి. మిగతా కోచింగ్ అంతా కోచ్‌కి వదిలెయ్యమనండి.

రెండో క్రికెట్ అలవాటు బ్యాట్ గురించి. మనవాళ్ళు బ్యాట్ పట్టుకునే పరిగెత్తుతారు. ఇక్కడ కొట్టగానే కింద పెట్టి పరిగెత్తాలి. "కింద పెట్టు" అనగానే కొత్త పిల్లలు విసిరేస్తారు. అది గింగిరాలు తిరుగుతూ వెళ్ళి క్యాచర్ కాళ్ళకో, అంపైర్ ముణుకుకో తగులుతుంది. నా కుడి మోకాలి కింద అలాంటి గుర్తు ఒకటుంది, ఏడేళ్ళ పిల్ల ఇచ్చింది. పన్నెండేళ్ళ లోపు విభాగాల్లో తన వంతు రాని పిల్లాడు బ్యాట్ ముట్టుకోకూడదని లిటిల్ లీగ్ నియమం. టీవీలో పెద్దవాళ్ళ ఆటలో తర్వాతి బ్యాటర్ పక్కన నిలబడి బ్యాట్ ఊపుతుంటాడు చూశారా, అది వీళ్ళకి లేదు. మీరు చూడబోయే ఆటలో డగౌట్ (టీము కూర్చునే చోటు) లోపల పిల్లలు బ్యాట్లు ఊపుతూ కనిపిస్తే ఆ కోచ్‌కి మిగతా నియమాలు కూడా పట్టవని అనుకోవచ్చు.

నేను సేఫ్టీ ఆఫీసర్‌గా రాసిన రిపోర్టుల్లో ఎక్కువ దెబ్బలు ఆటలో తగిలినవి కావు. ఆటకి ముందు, ప్రాక్టీస్‌లో. పన్నెండు మంది పిల్లలు జతలుగా బంతి విసురుకుంటున్నప్పుడు, పక్క జత బంతి జారిపోతే ఒకడు తల తిప్పి చూస్తాడు, సరిగ్గా అప్పుడే తన బంతి వస్తుంది. మంచి కోచ్ అందరినీ రెండే వరసల్లో, ఎదురెదురుగా నిలబెడతాడు. జారిన బంతి కోసం ఒకడు వెళితే మిగతావాళ్ళు విసరడం ఆపాలి. ఇది చూడటానికి చాలా చిన్న విషయం. కానీ ఆ వరసలు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూస్తే ఐదు నిమిషాల్లో కోచ్ ఎలాంటివాడో తెలిసిపోతుంది.

సామాన్ల గురించి ఎక్కువ రాయను. హెల్మెట్ మీద నాక్సీ (NOCSAE, ఆట సామాన్ల భద్రతా ప్రమాణాలు పెట్టే సంస్థ) ముద్ర ఉండాలి. చెక్కది కాని బ్యాట్ మీద 'యూఎస్‌ఏ బేస్‌బాల్' ముద్ర ఉండాలి, 2018 నుంచి అది లేనిదే లిటిల్ లీగ్‌లో ఆడనివ్వరు. కాబట్టి పక్కింటివాళ్ళ పాత బ్యాట్ తెచ్చుకునే ముందు చూసుకోండి. మగపిల్లలు కప్ పెట్టుకోవాలి, మన క్రికెట్‌లో గార్డ్ అంటామే అదే. క్యాచర్ మాస్క్ కింద గొంతుకి అడ్డంగా వేలాడే చిన్న పలక ఉండాలి. ఆట మొదలవకముందు పిచర్‌కి బంతులు అందుకునే పిల్లాడికి కూడా మాస్క్ ఉండాలి, చాలామంది మర్చిపోయేది ఇక్కడే. ఇక బేస్‌ల (పరిగెత్తేవాళ్ళు చేరాల్సిన గుర్తుల) దగ్గర నిలబడే కోచ్‌లు హెల్మెట్ పెట్టుకుంటే వాళ్ళని చూసి నవ్వకండి. 2007లో అర్కాన్సాలో ఒక మైనర్ లీగ్ (పెద్దవాళ్ళ వృత్తి ఆటే, మేజర్ లీగ్ కింది స్థాయి) ఆటలో ఫస్ట్ బేస్ దగ్గర నిలబడ్డ కోచ్ మైక్ కూల్‌బా బంతి తగిలి చనిపోయాడు. ఆ మరుసటి ఏడాది నుంచి మేజర్ లీగ్‌లో బేస్ కోచ్‌లందరికీ హెల్మెట్ తప్పనిసరి అయింది.

మీరు అడగనిది, కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది ఒకటుంది. బంతి ఛాతీకి, గుండె ఉన్న చోట, రెండు లబ్‌డబ్‌ల మధ్య ఒకానొక క్షణంలో తగిలితే గుండె లయ తప్పి పిల్లాడు అక్కడికక్కడే కూలిపోవచ్చు. దెబ్బ పెద్దదే కానక్కర్లేదు. చాలా అరుదు, కానీ జరిగినప్పుడు చేతిలో ఉండేవి నిమిషాలే. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, ఏఈడీ పెట్టెతో (గుండె లయని సరిచేసే యంత్రం) షాక్ ఇవ్వాలి. మా పాత లీగ్‌లో ఏఈడీ ఉందని ప్రతి కాగితం మీదా రాసి ఉండేది. నేను సేఫ్టీ ఆఫీసర్ అయిన మొదటి వారం ఎక్కడుందో చూద్దామని వెళితే, స్నాక్స్ అమ్మే గదిలో తాళం వేసి పెట్టారు. తాళంచెవి ఒకాయన దగ్గర ఉంది, ఆయన హాట్‌డాగ్‌లు కొనడానికి కాస్ట్‌కోకి వెళ్ళాడు. నలభై నిమిషాలకి వచ్చాడు. పెట్టె తెరిస్తే బ్యాటరీ గడువు దాటిపోయి ఉంది. ఆ సాయంత్రమే పెట్టెని బయట గోడకి బిగించాం. మీరు లీగ్ వాళ్ళని అడగాల్సిన ప్రశ్న "ఏఈడీ ఉందా" అని కాదు, "ఎక్కడుంది, ఒకసారి చూపిస్తారా" అని.

తలకి దెబ్బ తగిలితే నియమం ఒక్కటే: అనుమానం వస్తే బయటే. పిల్లాడు "నేను బాగానే ఉన్నా" అంటాడు, తొమ్మిదేళ్ళవాడు ఎప్పుడూ అదే అంటాడు. వాడి మాట మీద నిర్ణయం తీసుకోకూడదు. డాక్టర్ రాసిచ్చేదాకా తిరిగి ఆడకూడదన్న చట్టాలు 2009లో వాషింగ్టన్ రాష్ట్రంతో మొదలై, స్కూల్ ఆటలకి సంబంధించి అన్ని రాష్ట్రాలకీ వచ్చాయి. లిటిల్ లీగ్ కూడా ఆ దారినే నడుస్తుంది. మెరుపుల సంగతి టెక్సాస్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఉరుము వినిపిస్తే ఆట ఆపి కార్లలోకి వెళ్ళాలి, చివరి ఉరుము తర్వాత ముప్ఫై నిమిషాలు ఆగాలి. రేకుల కప్పు ఉన్న డగౌట్ ఇల్లు కిందికి రాదు. మన తల్లిదండ్రులే "ఇంకో ఇన్నింగ్సే కదా, అయిపోనివ్వండి" అంటుంటారు. అననివ్వండి, మీరు మీ పిల్లాణ్ణి కారెక్కించండి.

ఇక చెయ్యి. బేస్‌బాల్‌లో నేను చూసిన నిజమైన నష్టం బంతి తగలడం వల్ల కాదు, బంతి విసరడం వల్ల. తొమ్మిది, పదేళ్ళ పిల్లాడు రోజుకి 75 బంతుల కంటే ఎక్కువ వెయ్యకూడదు, పదకొండు, పన్నెండేళ్ళవాడు 85. లిటిల్ లీగ్ 2007లో ఈ లెక్క పెట్టింది. దాంతోపాటు విశ్రాంతి కూడా ఉంది: 20 లోపు వేస్తే మర్నాడే వెయ్యొచ్చు, 21 నుంచి 35 అయితే ఒక రోజు, 50 దాకా రెండు, 65 దాకా మూడు, 66, అంతకంటే ఎక్కువైతే నాలుగు రోజులు. ఒకే రోజు 41 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేసినవాణ్ణి ఆ రోజు ఇక క్యాచర్‌గా కూర్చోబెట్టకూడదు, ఎందుకంటే క్యాచర్ కూడా ప్రతి బంతినీ తిరిగి విసరాలి. 9 నుంచి 14 ఏళ్ళ పిచర్లు 481 మందిని పదేళ్ళపాటు గమనించిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. ఏడాదికి వంద ఇన్నింగ్స్ దాటి వేసినవాళ్ళకి తీవ్రమైన గాయాలు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది.

ఈ లెక్కలన్నీ గోడకి అంటించి ఉండగానే నా కళ్ళ ముందు ఒక పిల్లాడి మోచెయ్యి పాడైంది. మన తెలుగు పిల్లాడే, పదకొండేళ్ళు, మా టీములో అందరికంటే గట్టిగా విసిరేవాడు. శనివారం మాకు అరవై బంతులు వేశాడు. ఆదివారం వేరే టీము జెర్సీ వేసుకుని, ముప్ఫై మైళ్ళ దూరంలో ఒక టోర్నమెంట్‌లో రెండు ఆటలు వేశాడు. వాళ్ళకి మా లెక్క తెలీదు, మాకు వాళ్ళ లెక్క తెలీదు. రెండూ తెలిసింది వాళ్ళ నాన్నకి ఒక్కడికే. బుధవారం ప్రాక్టీస్‌కి వచ్చినవాడు బంతి విసిరిన ప్రతిసారీ చెయ్యి విదిలించుకుంటున్నాడు. అడిగితే "ఐయామ్ గుడ్, అంకుల్" అన్నాడు. నీళ్ళ సీసా అందిస్తే ఎడమ చేత్తో అందుకున్నాడు. కుడి చెయ్యి చాపమన్నాను. మోచెయ్యి పూర్తిగా చాచుకోలేదు. పిల్లల ఎముక పెరిగే చోట, మోచేతి లోపలివైపు, ఇంకా గట్టిపడని భాగం ఉంటుంది, దాన్ని కండ లాగి లాగి వాచిపోయింది. ఆ సీజనంతా బంతి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. వాళ్ళ నాన్న మంచివాడే, పిల్లాడంటే ప్రాణం. ట్యూషన్ ఎక్కువ చెప్పిస్తే మార్కులు ఎక్కువ వస్తాయన్న లెక్కని చేతికి కూడా వేశాడు, అంతే. మనవాళ్ళలో ఇది ఎక్కువ. మీ బాబు పిచర్ అయితే బంతుల లెక్క మీ ఫోన్‌లో మీరే రాసుకోండి, ఎన్ని టీముల్లో ఆడినా లెక్క ఒకటే. నెలల తరబడి ఒకే ఆట వద్దు, ఎండాకాలం అయ్యాక క్రికెట్టో ఈతో ఆడనివ్వండి.

అరుపుల దగ్గరికి వస్తాను. మొదటి సీజన్‌లో అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. మావాడికి మూడో స్ట్రైక్ ఇచ్చారు, మూడైతే ఔట్. మోకాలి కంటే కింద పోయిన బంతిని బ్యాటర్ వదిలేస్తే స్ట్రైక్ కాదు, ఆ బంతి మోకాలి కింద నుంచి వెళ్ళిందని నాకు అనిపించింది. "ఎక్కడ చూస్తున్నావయ్యా" అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఏదో అన్నాను. అంపైర్ తిరిగి చూశాడు. మాస్క్ తీస్తే పద్నాలుగేళ్ళ పిల్లాడు, పళ్ళకి క్లిప్పులు. మొహం ఎర్రబడిపోయింది. మళ్ళీ మాస్క్ వేసుకుని వంగాడు. ఐదో ఇన్నింగ్స్‌లో నా పక్క నుంచి రెండో కుర్చీలో కూర్చున్నావిడ లేచి వెళ్ళి వాడికి నీళ్ళు ఇచ్చి వచ్చింది, వస్తూ నాకూ ఒక సీసా ఇచ్చింది. వాళ్ళమ్మ. ఒక్క మాట అనలేదు. ఆ నీళ్ళు నేను తాగలేదు, సీసా కారులో వారం రోజులు దొర్లింది.

ఆ పిల్లాడు మరుసటి ఏడాది అంపైరింగ్ మానేశాడు. నా ఒక్కడి వల్ల అనను, నా వంతు ఉంది. ఇలాంటివాళ్ళు మానేస్తూ పోతే ఆటకి అంపైర్ దొరకడు, లేదా అనుభవం లేనివాడు దొరుకుతాడు. స్లైడింగ్ నియమం, తల ముందుకి పెట్టి దూకకూడదన్న నియమం ఇవన్నీ అమలయ్యేది అంపైర్ నోటి మీదుగానే. బంతి చేతిలో పెట్టుకుని ఫీల్డర్ ఎదురు చూస్తుంటే పరిగెత్తుకొచ్చేవాడు కింద జారాలి లేదా పక్కకి తప్పుకోవాలి, వచ్చి గుద్దితే ఔట్. అరుపులకి బెదిరిన అంపైర్ ఆ ఔట్ ఇవ్వడు. అరుపుకీ దెబ్బకీ మధ్య దూరం అంత తక్కువ. మా న్యూజెర్సీలోనే డెప్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో లీగ్ వాళ్ళు విసిగిపోయి 2023లో ఒక నియమం పెట్టారు: అంపైర్‌ని తిట్టిన తల్లిదండ్రులు మూడు ఆటలకి అంపైరింగ్ చేస్తే తప్ప తిరిగి మైదానంలోకి రానివ్వరు. అప్పుడు దేశమంతా నవ్వుకున్నారు. నాకైతే ఇంతకంటే మంచి శిక్ష కనిపించలేదు. మాస్క్ వెనక నుంచి చూస్తే బంతి మోకాలి పైనో కిందో ఎంత బాగా తెలుస్తుందో వాళ్ళకీ తెలియాలి.

మీ బాబుకి ముందే చెప్పి ఉంచాల్సింది ఒకటి. మన పిల్లలు బంతి ప్యాడ్‌కి తగిలితే చాలు రెండు చేతులూ ఎత్తి అప్పీల్ చేస్తూ పెరుగుతారు, అక్కడ అది ఆటలో భాగం. ఇక్కడ అంపైర్ వైపు తిరిగి చేతులు ఎత్తితే తగువుకి వచ్చాడనుకుంటారు. మొదటి ఆటలోనే పాపం ఒక హైదరాబాదు పిల్లాడికి ఇలా చీవాట్లు పడ్డాయి, వాడికి తనేం తప్పు చేశాడో అర్థమే కాలేదు.

ఆట అయ్యాక రెండు టీములూ వరసలో నడుస్తూ చేతులు తాకించుకుని "గుడ్ గేమ్" అనుకుంటారు. చాలామంది తల్లిదండ్రులు అప్పటికి కుర్చీలు మడిచేస్తుంటారు. మీరు మడవకండి, ఆ వరస చూడండి. ఓడిన పిల్లలు నేల చూస్తూ నడవడం మామూలే, ఏడ్చినా మామూలే. గెలిచిన కోచ్ వరస చివర్లో ఎదుటి పిచర్ దగ్గర ఆగి ఓ మాట చెబుతున్నాడా, లేక అప్పటికే ఫోన్‌లో ఉన్నాడా? పన్నెండు పరుగుల ఆధిక్యంలో ఉండి కూడా ఇంకా బేస్‌లు దొంగిలించమని (బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తమని) సైగ చేశాడా? చివరి పిల్లాడికి కూడా బ్యాటింగ్ వచ్చిందా? టీములో ప్రతి పిల్లాడికీ ఫీల్డింగ్‌లో కనీసం ఆరు ఔట్ల పాటు, బ్యాటింగ్ కనీసం ఒకసారి ఇవ్వాలని నియమం ఉంది. కనీసం ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్ళూ ఉన్నారు.

మీ టెక్సాస్ కథ ఒకటి మీకు తెలిసే ఉంటుంది. 2022 ఆగస్టులో వేకోలో ప్రాంతీయ ఫైనల్. ఒకవైపు హ్యూస్టన్ పక్కనున్న పేర్లాండ్ పిల్లలు, మన మీనాక్షి గుడి ఉన్న ఊరే, రెండోవైపు ఓక్లహోమాలోని టల్సా పిల్లలు. పేర్లాండ్ పిచర్ వేసిన బంతి టల్సా బ్యాటర్ తలకి తగిలింది, హెల్మెట్ ఎగిరిపడింది, పిల్లాడు తల పట్టుకుని కింద పడ్డాడు. పెద్దవాళ్ళు వచ్చి చూశాక లేచి ఫస్ట్ బేస్‌కి వెళ్ళాడు. చూస్తే పిచర్ ఏడుస్తున్నాడు, ఇక బంతి వెయ్యలేకపోతున్నాడు. దెబ్బ తిన్నవాడే హెల్మెట్ తీసేసి నడుచుకుంటూ వెళ్ళి వాణ్ణి కౌగిలించుకున్నాడు, బాగానే వేస్తున్నావు, పరవాలేదని ధైర్యం చెప్పాడు. ఆ ఆట పేర్లాండే గెలిచింది. దేశమంతా ఆ వీడియో చూసి కళ్ళు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను. కానీ నాలోని సేఫ్టీ ఆఫీసర్ మాత్రం, నేనే కోచ్‌నై ఉంటే ఆ కౌగిలింత అవ్వగానే పిల్లాణ్ణి డగౌట్‌లో కూర్చోబెట్టేవాణ్ణని ఇప్పటికీ గొణుగుతుంటాడు. మా ఆవిడతో ఈ మాట అంటే "మీకు మంచి కనిపించినా ఆనందించడం చేతకాదు" అంది. కావచ్చు.

ఇంకొక్కటి, మొహమాటం లేకుండా. కోచ్ అంటే గురువు అన్న గౌరవం మనకి ఎక్కువ. గౌరవం ఉంచుకోండి, కానీ కోచ్‌లందరికీ నేర చరిత్ర తనిఖీ జరిగిందా అని లీగ్‌ని అడగండి, మంచి లీగ్ నొచ్చుకోదు. పెద్దవాళ్ళెవరూ పిల్లాడికి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, ఒంటరిగా కార్లో తీసుకెళ్ళకూడదు. ఎంత మంచివాడైనా సరే.

గ్లవ్ అడిగారు కదా. తొమ్మిదేళ్ళకి పదకొండు అంగుళాలది సరిపోతుంది. చెయ్యి పెరుగుతుందని పెద్దది కొనకండి, మూసుకోని గ్లవ్‌లోంచి బంతి జారి మొహానికి వస్తుంది. కుడిచేత్తో విసిరేవాడికి గ్లవ్ ఎడమ చేతికి. షాపులో పెట్టె మీద "రైట్ హ్యాండ్ త్రో" అని రాసి ఉన్నది తీసుకోవాలి. నేను కుడి చేతికి సరిగ్గా పడుతోందని చూసి వేరేది కొని తెచ్చాను. మావాడు రెండు వారాలు ఎడమచేత్తో విసిరాడు, కోచ్‌కి తను ఎడమచేతివాటం అని కూడా చెప్పేశాడు పాపం.